పేరు మార్చుకుని వచ్చిన ఆటలు

నున్న మార్కెట్లో లారీ ఎక్కేటప్పుడు అది బంగినపల్లి. ఢిల్లీలో దిగి తోపుడుబండి ఎక్కేసరికి సఫేదా. కాయ అదే, రంగు అదే, తీపి అదే. పేరొక్కటే మారింది. మన సినిమాలూ అంతే. 2012లో వచ్చిన ‘ఈగ’ తమిళంలో ‘నాన్ ఈ’, హిందీలో ‘మక్ఖీ’ అయింది. ‘దూకుడు’ హిందీ డబ్బింగ్‌కి ‘ది రియల్ టైగర్’ అని పెట్టారు. మా ఆఫీసులో లక్నో కుర్రాడొకడు ‘సినిమా మొత్తం చూశాను భయ్యా, పులి మాత్రం ఎక్కడా రాలేదు’ అని ఇప్పటికీ అంటుంటాడు.

వీడియో గేములు కూడా దేశం దాటేటప్పుడు పేరు మార్చుకుంటాయి. కానీ మామిడికాయకి మారినంత తేలిగ్గా కాదు. లోగో, పోస్టర్లు, యాడ్స్, వెబ్‌సైట్... అన్నీ మార్చాలి. బోలెడు డబ్బు పోసి జనం నోట్లో నానబెట్టిన పేరుని ఏ కంపెనీ సరదాకి వదులుకోదు. అందుకే ఏదైనా గేమ్ కొత్త దేశంలో కొత్త పేరుతో కనిపిస్తే నాకు వచ్చే డౌట్ ఒక్కటే. పాత పేరు వద్దన్నది ఎవరు? దానికి జవాబు దొరికితే, లోపల ఇంకేం మారిందో కూడా చాలావరకు తెలిసిపోతుంది.

ఒక్క గీత గీకితే చాలు

1980లో జపాన్ కంపెనీ నామ్‌కో ఒక గేమ్ తెచ్చింది. నోరు తెరుస్తూ మూస్తూ చుక్కలన్నీ మింగేసుకుంటూ పోయే పసుపు రంగు బిళ్ల. అక్కడ దాని పేరు ‘పక్ మ్యాన్’. గబగబా తినే నోటి కదలికకి జపనీయులు వాడే ‘పకు పకు’ అనే మాట నుంచి వచ్చింది. అమెరికాకి పంపేముందు వాళ్లకో భయం పట్టుకుంది. అప్పట్లో ఈ గేములు షాపుల్లో నిలువెత్తు పెట్టెల్లో ఉండేవి. పెట్టె మీద ఇంగ్లిష్‌లో రాసిన పేరులో మొదటి అక్షరం ‘పి’. ఎవడో ఆకతాయి దాని కుడివైపు వంపు కాస్త గీకేస్తే ‘ఎఫ్’ అయిపోతుంది. ఆ తర్వాత అది ఏం మాట అవుతుందో మీకు చెప్పక్కర్లేదు. అలా ‘ప్యాక్ మ్యాన్’ అయింది. ఇక్కడ వద్దన్నది ప్రభుత్వం కాదు, కోర్టు కాదు. ఇంకా గీకని ఒక ఆకతాయి! అందుకే పేరు మారినా ఆట మారలేదు.

రెండో రకం లాయర్ల గొడవ. క్యాప్‌కామ్ కంపెనీ జాంబీ గేమ్ 1996లో జపాన్‌లో ‘బయోహజార్డ్’ పేరుతో వచ్చింది. అమెరికాలో చూస్తే ఆ పేరుతో అప్పటికే ఒక రాక్ బ్యాండ్ ఉంది, ఒక కంప్యూటర్ గేమ్ కూడా ఉంది. ఆ పేరు మీద హక్కులు దొరకవని తేలాక కంపెనీలోపలే పేర్ల పోటీ పెట్టారు. గెలిచిన పేరు ‘రెసిడెంట్ ఈవిల్’. మనం చిన్నప్పుడు స్కూలు నుంచి పరిగెత్తుకొచ్చి చూసిన పోకెమాన్ కథ కూడా ఇలాంటిదే. జపాన్‌లో అసలు పేరు ‘పాకెట్ మాన్‌స్టర్స్’. బయటి దేశాల్లో ‘మాన్‌స్టర్ ఇన్ మై పాకెట్’ అనే బొమ్మలు ముందే అమ్ముడవుతున్నాయి. దాంతో రెండు మాటల్నీ కుదించిన ‘పోకెమాన్’నే అసలు పేరు చేసేశారు.

ఈ గొడవ నేనూ దగ్గర్నుంచి చూశాను. మా టీమ్ చేసిన ఒక బిల్లింగ్ యాప్‌ని గల్ఫ్‌లో రిలీజ్ చేయబోతే, ఆ పేరు అక్కడ వేరేవాళ్లది అని తేలింది. లాయర్లకీ మార్కెటింగ్ వాళ్లకీ మధ్య మూడు వారాలు మెయిల్స్ నడిచాయి. చివరికి కొత్త పేరు ఖాయమయ్యాక కోడ్‌లో నేను మార్చింది ఎంతో తెలుసా? ఒక్క లైను. ఆ లైను సంగతి కాసేపట్లో చెప్తాను.

కండల వీరులు రోబోలైపోయారు

బీసెంట్ రోడ్డులో క్యాసెట్ కొని, టీవీకి తగిలించి ఆడిన బ్యాచ్‌కి ‘కాంట్రా’ గురించి చెప్పక్కర్లేదు. చొక్కాల్లేని ఇద్దరు కండల వీరులు, తుపాకులు, అడవి. అదే గేమ్‌ని కోనామీ కంపెనీ యూరప్‌లో ‘ప్రొబొటెక్టర్’ అనే పేరుతో అమ్మింది. లెవెల్స్ అవే, బాస్‌లు వాళ్లే. కానీ హీరోలిద్దరూ రోబోలు. ఎదురొచ్చే సైనికుల బదులు కూడా రోబోలే. కారణం జర్మనీ. పిల్లల చేతికి హింస వెళ్లకుండా అక్కడ నిబంధనలు గట్టిగా ఉండేవి. మనిషి మనిషిని కాల్చడం తెర మీద కనపడకూడదు. యంత్రం యంత్రాన్ని కాలిస్తే ఫరవాలేదు.

చూశారా తేడా? లాయరు వద్దంటే పేరు మారుతుంది. చట్టం వద్దంటే ఆట ఒళ్లు కూడా మారుతుంది.

మన ఆట కూడా పేరు మార్చుకుంది

ఇదేదో ఫారిన్ వ్యవహారం అనుకోకండి. వీడియో గేములు పుట్టకముందే మన ఆటలు ఇలా ఎగుమతయ్యాయి. అమ్మమ్మలు ముక్కోటి ఏకాదశికో, వేసవి సెలవుల్లోనో పరిచిన వైకుంఠపాళి గుర్తుందా? నిచ్చెనలంటే పుణ్యాలు, పాములంటే పాపాలు, చిట్టచివర వైకుంఠం. 19వ శతాబ్దం చివర్లో ఈ ఆట ఇంగ్లండ్ వెళ్లి ‘స్నేక్స్ అండ్ ల్యాడర్స్’ అయింది. అంటే పాములూ నిచ్చెనలూ మిగిలాయి, ఎక్కడికి వెళ్లాలో ఆ ఊరి పేరు పోయింది. 1943లో అమెరికాలో మిల్టన్ బ్రాడ్లీ కంపెనీ పాముల్ని కూడా తీసేసి జారుడుబల్లలు పెట్టింది. పేరు ‘షూట్స్ అండ్ ల్యాడర్స్’. పచ్చీసు ఆటదీ అదే దారి. అమెరికాలో ‘పార్చీసి’ అని ట్రేడ్‌మార్క్ అయింది. ఇంగ్లండ్‌లో 1896లో ‘లూడో’ పేరుతో పేటెంట్ అయింది. చివరికి ఆ ఇంగ్లిష్ పేరుతోనే 2016లో ‘లూడో కింగ్’గా మన ఫోన్లలోకి వచ్చి, లాక్‌డౌన్‌లో ఇంటిల్లిపాదినీ కూర్చోబెట్టింది. అదే యాప్‌లో పాములూ నిచ్చెనలూ కూడా ఉన్నాయి. వైకుంఠం మాత్రం లేదు.

పబ్జీ వెళ్లి బీజీఎంఐ వచ్చె

ఇప్పుడు అసలు విషయానికి వద్దాం. ప్రభుత్వం వద్దంటే ఏమవుతుంది?

ముందు చైనా. 2019 మేలో టెన్సెంట్ అక్కడ పబ్జీ మొబైల్‌ని ఆపేసింది. ఆ గేమ్‌లో డబ్బు వసూలు చేసుకోవడానికి సర్కారు అనుమతి రాలేదు మరి. దాని బదులు ‘గేమ్ ఫర్ పీస్’ తెచ్చింది. పేరులో శాంతి, చేతిలో అవే తుపాకులు. తూటా తగిలినవాడికి నెత్తురు కారదు. పడిపోవాల్సినవాడు మోకాళ్ల మీద కూర్చుని, తన సామాన్ల పెట్టె ఇచ్చేసి, చెయ్యి ఊపి మాయమైపోతాడు.

తర్వాత మనం. 2020 సెప్టెంబర్ 2న కేంద్రం ఐటీ చట్టం 69ఏ సెక్షన్ కింద 118 యాప్‌లని ఆపేసింది. అందులో పబ్జీ మొబైల్ ఒకటి. కాలేజీలు మూసి ఉన్న రోజులవి. పటమట హాస్టళ్ల నుంచి ఇళ్లకెళ్లిపోయిన ఫ్రెండ్స్ రాత్రిళ్లు కలుసుకునే రచ్చబండ ఆ గేమే. రెండు రోజులు తిరక్కుండానే ‘ఫౌ-జీ’ అనే దేశీ గేమ్‌ని ప్రకటించారు. పేరు వింటుంటే ఒకేసారి ఫౌజీ, పబ్జీ రెండూ గుర్తొచ్చేలా పెట్టారు. అది 2021 జనవరి 26న వచ్చింది. కానీ జనం ఎదురుచూసింది దానికోసం కాదు.

కొరియా కంపెనీ క్రాఫ్టన్ 2021 మే 6న ‘బ్యాటిల్‌గ్రౌండ్స్ మొబైల్ ఇండియా’ని ప్రకటించి, జూలై 2న విడుదల చేసింది. పేరులో పబ్జీ లేదు, చివర్న ఇండియా ఉంది. లోపల ఏం మారాయో చూడండి. నడిపేది టెన్సెంట్ కాదు, క్రాఫ్టనే. డేటా దాచేది ఇండియాలో, సింగపూర్‌లో అని చెప్పారు. ఇది ప్రభుత్వానికి జవాబు. 18 ఏళ్ల లోపు వాళ్లకి రోజుకి 3 గంటలే ఆట, ఖర్చు 7,000 రూపాయలు దాటకూడదు. ఇది అమ్మానాన్నలకి జవాబు. నెత్తురు ఎరుపు పోయి ఆకుపచ్చ అయింది, ‘కిల్’ పోయి ‘ఫినిష్’ వచ్చింది. అంటే ఎవరెవరు ఎందుకు వద్దన్నారో, గేమ్ సెట్టింగ్స్‌లోనే రాసి ఉంది.

అయినా సరిపోలేదు. అరుణాచల్ ఎమ్మెల్యే నినాంగ్ ఎరింగ్, ఇది పాత గేమే కొత్త పేరుతో వస్తోందంటూ విడుదలకి ముందే ప్రధానికి లేఖ రాశారు. 2022 జూలై 28న బీజీఎంఐ కూడా స్టోర్ల నుంచి మాయమైంది. మళ్లీ వచ్చింది 2023 మేలో, అదీ మూడు నెలలు చూస్తామనే షరతు మీద.

బోర్డు మీద విజయవాడ, టికెట్ మీద బీజెడ్ఏ

ఇక నా ఒక్క లైను సంగతి. ఆండ్రాయిడ్ యాప్‌కి రెండు పేర్లుంటాయి. ఒకటి మీకు ఐకాన్ కింద కనిపించేది. అది ఎప్పుడు కావాలంటే అప్పుడు మార్చొచ్చు, ఒక్కో భాషకి ఒక్కోటి పెట్టొచ్చు. నేను మార్చింది అదే. రెండోది లోపల ఉండే ప్యాకేజీ ఐడీ. ప్లేస్టోర్‌లో ఒకసారి పెట్టాక దాన్ని మార్చడం కుదరదు. మారిస్తే స్టోర్ దాన్ని వేరే యాప్ అనుకుంటుంది.

మన రైల్వేస్టేషన్ గుర్తు తెచ్చుకోండి. బోర్డు మీద విజయవాడ అని మూడు భాషల్లో ఉంటుంది. టికెట్ మీద కోడ్ మాత్రం బీజెడ్ఏ. బెజవాడ అన్నమాట! ఊరు పేరు మారినా రైల్వే కంప్యూటర్ ఇంకా బెజవాడే అంటోంది. బీజీఎంఐదీ అంతే. బోర్డు మీద పబ్జీ మాట లేకపోయినా దాని ఐడీ ‘కామ్ డాట్ పబ్జీ డాట్ ఐమొబైల్’. పాత పబ్జీ మొబైల్ ఐడీలో మాత్రం ‘టెన్సెంట్’ అని ఉండేది. అంటే పేరులో దాచిన చుట్టరికం ఐడీలో బయటపడింది, కంపెనీ మారిన సంగతి కూడా అక్కడే కనపడింది.

ఇది తెలిసి మనకేం లాభం అంటారా? బీజీఎంఐ లేని ఆ పది నెలల్లో పామర్రులో ఉండే మా బాబాయి కొడుకు ఫోన్ చేశాడు. ‘అన్నయ్యా, బీజీఎంఐ కొత్త వెర్షన్ దొరికింది. టెలిగ్రామ్ గ్రూపులో ఫైల్ పెట్టారు. నాన్న ఫోన్‌లో వేశా, కానీ ఓపెన్ అవట్లేదు, ఏవో పర్మిషన్లు అడుగుతోంది’ అన్నాడు. ఏంట్రా ఆ పర్మిషన్లు అంటే, ఎస్ఎంఎస్‌లు చదవాలట, కాంటాక్టులు చూడాలట. తుపాకీ ఆటకి ఓటీపీలతో ఏం పని? ఆ ఫోన్‌కే ధాన్యం డబ్బులు పడిన మెసేజీలు వస్తాయి, యూపీఐ కూడా అందులోనే. వెంటనే నెట్ ఆపేయమన్నాను. ఆదివారం వెళ్లి ల్యాప్‌టాప్‌కి తగిలించి చూస్తే లోగో అచ్చం అదే, పేరు అచ్చం అదే. ఐడీ మాత్రం అర్థంపర్థం లేని అక్షరాల గుంపు. ఫోన్ మొత్తం తుడిచేసి, పిన్‌లు మార్పించాం. డబ్బు పోలేదు. బాబాయి మాత్రం వారం రోజులు వాడితో మాట్లాడలేదు.

గేమ్‌కి పేరు మారినప్పుడల్లా, ఆ సందులో ఇలాంటివాళ్లు దూరతారు. పాత పేరు మీద జనానికి ప్రేమ పోదు, కొత్త పేరు ఇంకా నోటికి రాదు. ఎవడు ఏ లోగో అంటించి ఇచ్చినా నమ్మేస్తారు.

కాబట్టి ఈసారి మీకిష్టమైన గేమ్ పేరు మార్చుకుని వచ్చిందని తెలిస్తే రెండు పనులు చేయండి. ఒకటి, పాత పేరు ఎవరు వద్దన్నారో వెతకండి. లాయర్ల గొడవైతే హాయిగా ఆడుకోండి. ప్రభుత్వమో, తల్లిదండ్రులో అయితే టైమ్, ఖర్చు, డేటా రూల్స్ ఒకసారి చదవండి, మారింది అక్కడే ఉంటుంది. రెండు, ప్లేస్టోర్‌లో ఆ గేమ్ పేజీ తెరిచి షేర్ నొక్కండి. వచ్చే లింకులో ‘ఐడీ’ తర్వాత ఉన్నదే దాని అసలు పేరు. అదీ, కింద ఉన్న కంపెనీ పేరూ చూసుకోండి. స్టోర్‌లో లేని గేమ్‌ని గ్రూపుల్లో వచ్చే ఫైల్‌తో మాత్రం వేసుకోకండి. బయటి ఫైల్‌కి ఐడీ కూడా దొంగది పెట్టొచ్చు.

మా తమ్ముడు ఇప్పుడు బీజీఎంఐ ప్లేస్టోర్ నుంచే వేసుకుని ఆడుతున్నాడు. సొంత ఫోన్‌లో. బాబాయి ఫోన్ ముట్టుకుంటే ఊరుకోరు.