ముందు దరఖాస్తు... తర్వాతే శాలువా!

జిల్లా పేజీల్లో తరచూ కనిపించే వార్తే ఇది. పాత మోపెడ్ ఇంజను, సైకిల్ గొలుసు, నాలుగు ఇనుప పలకలు కలిపి ఓ కుర్రాడు కలుపు తీసే యంత్రం తయారుచేస్తాడు. చదివింది పదో తరగతి. విలేకరి వస్తాడు, ఫొటో తీస్తాడు. ఏ గొలుసు ఏ చక్రాన్ని తిప్పుతుందో, పలక ఎంత లోతు దిగుతుందో అంతా వివరంగా అచ్చవుతుంది. కలెక్టరుగారు శాలువా కప్పుతారు. ‘పేటెంటు కోసం ప్రయత్నిస్తున్నా’ అని కుర్రాడు చెప్పిన మాటతో వార్త ముగుస్తుంది.

చదివినవాళ్లకు సంతోషం, కన్నవాళ్లకు గర్వం. చట్టం తెలిసినవాళ్లకు మాత్రం ఆ చివరి మాట దగ్గర గుండె కలుక్కుమంటుంది. ఎందుకంటే, ఆ పేపరు పంచిన తెల్లవారుజామునే ఆ కుర్రాడి పేటెంటు అవకాశానికి పెద్ద గండి పడిపోయింది!

అదెలా అంటారా?

గుట్టు విప్పితే హక్కు

పేటెంటు అనేది బహుమతి కాదు, బేరం. ‘నీ తెలివిని లోకానికి దాచకుండా చెప్పు. అందుకు బదులుగా దరఖాస్తు పెట్టిన రోజునుంచి 20 ఏళ్లపాటు నీ అనుమతి లేకుండా మరొకరు దాన్ని తయారుచేయకుండా, వాడకుండా, అమ్మకుండా ఆపే హక్కు నీకిస్తాను’ అంటుంది ప్రభుత్వం. గడువు తీరాక అది అందరి సొత్తు. మరి ఆ గుట్టు ముందే ఊరందరికీ చెప్పేస్తే? బేరం పెట్టడానికి చేతిలో సరుకేం మిగిలింది!

అందుకే 1970 నాటి మన పేటెంట్ల చట్టం మొట్టమొదట అడిగేది కొత్తదనం. దరఖాస్తు తేదీకి ముందు ఆ విషయం లోకంలో ఎక్కడైనా అచ్చయి ఉండకూడదు, జనం మధ్య వాడుకలో ఉండకూడదు. అచ్చు వేయించింది సొంతదారే అయినా సరే, సాధారణంగా మినహాయింపు లేదు.

కఠినంగా అనిపిస్తోంది కదూ? కానీ మన పసుపును కాపాడింది కూడా ఇలాంటి నియమమే. పసుపుతో గాయాలు మాన్పడంపై 1995లో అమెరికాలో పేటెంటు ఇచ్చేశారు. మన శాస్త్ర, పారిశ్రామిక పరిశోధన మండలి పాత గ్రంథాలు, పత్రాలు బయటికి తీసి, ‘ఇది మా అమ్మమ్మల కాలం నుంచీ తెలిసిన సంగతే’ అని రుజువు చేసింది. 1997లో ఆ పేటెంటు రద్దయింది. ముందే లోకానికి తెలిసినదాన్ని ఎవరూ సొంతం చేసుకోలేరు. ఆ కత్తికి అటు పెద్ద సంస్థా ఒకటే, ఇటు మన కుర్రాడూ ఒకటే.

మినహాయింపులు కొన్ని ఉన్నాయి. కేంద్ర ప్రభుత్వం గెజిట్‌లో ప్రకటించిన ప్రదర్శనలో పెడితే, విద్వత్సభలో పత్రం చదివితే, ఆ తర్వాత 12 నెలల్లోపు దరఖాస్తు చేసుకోవచ్చు. జనం మధ్య పరీక్షించక తప్పని వస్తువుకు, ఏడాదిలోపు జరిపిన ప్రయోగం అడ్డు కాదు. కానీ ఇవి చిల్లుల గొడుగులాంటివి. కాలేజీ సైన్స్ ఫెయిరో, మండల కేంద్రంలోని కిసాన్ మేళానో ఆ గెజిట్‌లో ఉంటుందన్న భరోసా లేదు. వర్షం వచ్చాక గొడుగు వెతుక్కోవడం కంటే ముందే ఇల్లు చేరడం మేలు.

పదహారు వందలతో మొదలు

‘పేటెంటంటే లక్షల వ్యవహారం’ అని చాలామంది అడుగే వేయరు. నిజానికి మొదటి మెట్టు అంత ఎత్తేమీ కాదు. ఆన్‌లైన్‌లో దరఖాస్తు పెట్టే వ్యక్తికి ప్రభుత్వ రుసుము 1,600 రూపాయలు. రెండు తెలుగు రాష్ట్రాలకూ చెన్నైలోని పేటెంటు కార్యాలయమే దిక్కు. అయినా ఇంట్లో కూర్చునే పంపవచ్చు.

యంత్రం పూర్తిగా సిద్ధం కాకపోయినా ఫరవాలేదు. మీ ఆలోచన ఏమిటో, అది ఎలా పనిచేస్తుందో రాసి, బొమ్మలు గీసి, ‘ప్రొవిజనల్’ దరఖాస్తు పెట్టవచ్చు. దాంతో ఒక తేదీ మీ పేరున నమోదవుతుంది. పొలంలో పాతిన హద్దురాయిలాంటిది అది. అయితే రాయి పాతిన మేరకే హద్దు. అందులో రాయని సంగతికి ఆ తేదీ వర్తించదు. అందుకని రెండు ముక్కలు గీకి పంపకుండా, తెలిసినదంతా రాయాలి.

అంతకంటే ముందు ఇలాంటిది ఎక్కడైనా ఉందేమో వెతకాలి. మన పేటెంటు కార్యాలయం వెబ్‌సైట్‌లోనూ, గూగుల్ పేటెంట్స్‌లోనూ ఉచితంగానే చూడవచ్చు. నాలుగు రాత్రులు దీనికి కేటాయిస్తే నాలుగేళ్ల వృథా శ్రమ తప్పుతుంది.

తర్వాతివన్నీ గడువులే. ప్రొవిజనల్ పెట్టిన 12 నెలల్లోగా పూర్తి వివరాలు ఇవ్వాలి. లేకపోతే దరఖాస్తును వదిలేసినట్టే లెక్క. 18 నెలలకు దాన్ని ప్రచురిస్తారు. పరీక్షించమని విడిగా కోరాలి, దానికి వ్యక్తులకు రుసుము 4,000 రూపాయలు. 2024 మార్చి 15 నుంచి పెట్టిన దరఖాస్తులకు ఈ కోరికకు గడువు 31 నెలలు. అంతకుముందు 48 నెలలుండేది. పాత పుస్తకం చూసి ధీమాగా కూర్చుంటే కొంప మునుగుతుంది. పేటెంటు వచ్చాక కూడా మూడో ఏడాది లెక్క నుంచి రుసుము కడుతూ ఉండాలి.

అసలు ఖర్చు పేటెంటు ఏజెంటుకు ఇచ్చేది. అది వేలల్లో ఉంటుంది. అయినా పూర్తి వివరాల్లో రాసే ‘క్లెయిములు’ దగ్గర మాత్రం కక్కుర్తి పనికిరాదు. మీ హద్దు ఎంతవరకో చెప్పేవి అవే. ‘మూడు పలకల యంత్రం’ అని రాసుకుంటే, రేపు ఒకడు నాలుగు పలకలు పెట్టి పక్కనుంచి వెళ్లిపోతాడు.

ఇక, అన్నిటికీ పేటెంటు రాదు. వట్టి కంప్యూటర్ ప్రోగ్రాముకు, వ్యాపార పద్ధతికి, సాగు పద్ధతికి మన చట్టం ఇవ్వదు. సాగుకు వాడే పనిముట్టుకు ఇస్తుంది. రైతు రూపొందించిన కొత్త వంగడానికి 2001లో వేరే చట్టమే వచ్చింది.

లేత్ షాపులో జాగ్రత్త

ఆలోచన మీదే అయినా ఇరుసు తిప్పడానికి లేత్ షాపుకు వెళ్లాలి, అచ్చు పోయడానికి మరొకరి దగ్గరికి వెళ్లాలి. అందరినీ అనుమానించమని కాదు. ‘ఈ వివరాలు బయటపెట్టను, వాడుకోను’ అని ఒక కాగితం మీద తేదీతో సంతకం తీసుకోండి. వీలైతే ఒక్కో భాగం ఒక్కో చోట చేయించండి. మొహమాటంతో మొదలైన పని కోర్టులో తేలడం కష్టం.

కొన్ని అపోహలూ వదులుకోవాలి. డిజైను కాగితాలు కవర్లో పెట్టి తనకు తానే రిజిస్టర్డ్ పోస్టు చేసుకుంటే పేటెంటు వచ్చినట్టు కాదు. ‘ప్రపంచ పేటెంటు’ ఇప్పిస్తామని ఎవరైనా అంటే నమ్మకండి, అలాంటిది లేనేలేదు. ఏ దేశంలో హక్కు కావాలంటే ఆ దేశం ఇవ్వాల్సిందే. పేటెంటు వచ్చినంత మాత్రాన కాపీ కొట్టినవాణ్ని పోలీసులు పట్టుకెళ్లరు కూడా. జిల్లా కోర్టులోనో అంతకంటే పైకోర్టులోనో మీరే దావా వేయాలి.

ఆ దావా ఎంత దూరం తీసుకెళ్తుందో తెలియాలంటే అమెరికా ఇంజనీరు రాబర్ట్ కెర్న్స్ కథ వినాలి. చిన్న జల్లు పడేటప్పుడు కారు అద్దం మీద ఆగి ఆగి తిరిగే వైపర్ ఉంటుంది చూడండి, దానికి పనికొచ్చే సర్క్యూట్ ఆయనది. 1963లో ఫోర్డ్ కంపెనీకి చూపించారు. 1967లో పేటెంటు వచ్చింది. 1969కల్లా ఫోర్డ్ కార్లలో అలాంటి వైపర్ రానే వచ్చింది, ఆయనకు పైసా రాలేదు. 1978లో కేసు వేస్తే 1990లో గానీ తేలలేదు. ఫోర్డ్ సుమారు కోటి డాలర్లు చెల్లించింది. తర్వాత క్రిస్లర్ మీదా గెలిచారు. కానీ ఈలోగా కాపురం చెదిరిపోయింది. సొంతంగా వాదించుకుంటూ గడువులు దాటబెట్టడంతో మిగతా కంపెనీల మీద వేసిన కేసులు కొట్టేశారు. అంత కాగితం బలం ఉన్నా గెలుపుకు ఇరవై ఏళ్లు పట్టింది. కాగితమే లేకపోతే?

అమ్మితేనే ఆవిష్కరణ

పేటెంటును ఫ్రేము కట్టించి గోడకు తగిలిస్తే అన్నం పెట్టదు. దారులు మూడు. మీరే తయారుచేసి అమ్మడం, రాయల్టీ మీద మరొకరికి లైసెన్సు ఇవ్వడం, హక్కు మొత్తంగా రాసిచ్చేయడం. చివరి రెండింటికీ నోటిమాట చెల్లదు, రాతపూర్వక ఒప్పందం ఉండాలి. ‘మీ ఐడియా కోట్లకు అమ్మిపెడతాం, ముందు కొంత కట్టండి’ అనేవాళ్లు ఎదురైతే, ఇంతవరకూ ఎన్ని అమ్మారో అడగండి. ఇలాంటి ప్రమోటర్లు తమ లెక్కలు ముందే చెప్పి తీరాలని అమెరికా 1999లో చట్టమే చేసిందంటే బాధితులెందరో ఊహించుకోవచ్చు.

మొదటి దారికి మన దగ్గరే నిలువెత్తు ఉదాహరణ ఉంది. ఆలేరు ప్రాంతపు చేనేత బిడ్డ చింతకింది మల్లేశం చదివింది ఆరో తరగతి. పోచంపల్లి చీరకు ఆసు పోయడానికి తల్లి లక్ష్మి దారాన్ని కొయ్యల చుట్టూ సుమారు 9 వేల సార్లు తిప్పేవారు. ఆమె భుజం నొప్పి చూడలేక ఏళ్ల తరబడి తంటాలుపడి 1999లో ఆసు యంత్రం పూర్తిచేశారు. నాలుగైదు గంటల పని గంటన్నరకు వచ్చింది. దానికి అమ్మ పేరే పెట్టారు. 2017లో పద్మశ్రీ అందుకున్నారు. కానీ ఆ యంత్రాన్ని నిలబెట్టింది బిరుదు కాదు, పక్కింటి నేతన్న అవసరం. కొనేవాళ్ల నొప్పి తెలిసినవాడికి మార్కెట్ సర్వే అక్కర్లేదు.

పేరుకూ విలువుంది. గుజరాత్‌లోని వాంకానేర్ కుమ్మరి మన్సుఖ్‌భాయ్ ప్రజాపతి కరెంటు అవసరం లేని మట్టి ఫ్రిజ్ చేసి ‘మిట్టీకూల్’ అన్నారు. ఏం చేశారో, ఎలా పనిచేస్తుందో ఆ ఒక్క మాటే చెబుతుంది. మంచి పేరు దొరికితే ట్రేడ్‌మార్కు కింద నమోదు చేయించుకోండి. పేటెంటు 20 ఏళ్లకు ముగుస్తుంది. ట్రేడ్‌మార్కును పదేళ్లకోసారి పొడిగించుకుంటూ తరతరాలు ఉంచుకోవచ్చు. వస్తువు ఆకారం కొత్తదైతే డిజైను నమోదుతో 10 ఏళ్లు, ఆపై మరో 5 ఏళ్లు రక్షణ దొరుకుతుంది.

గ్రామీణ ఆవిష్కర్తలకు చేయూతనివ్వడానికి గాంధీనగర్ దగ్గర నేషనల్ ఇన్నోవేషన్ ఫౌండేషన్ ఉంది. మన దగ్గర పల్లె సృజన సంస్థ ఊరూరా తిరిగి ఇలాంటివాళ్లను వెతికి పట్టుకుంటోంది. అడగడానికి సిగ్గుపడక్కర్లేదు.

మీ ఇంట్లోనో, మీ వీధిలోనో పాత ఇనుప సామాను ముందేసుకుని రాత్రిళ్లు దీపం ఆర్పకుండా కూర్చునే కుర్రాడు ఉండే ఉంటాడు. యంత్రం తిరిగిన రోజున తప్పకుండా భుజం తట్టండి. వాట్సాప్‌లో వీడియో పెట్టే ముందు మాత్రం ఒక్క మాట అడగండి... ‘అబ్బాయ్, దరఖాస్తు నంబరు వచ్చిందా?’