గుడ్లు పెట్టని తల్లులు

మొన్న సూరహ్ నమ్ల్ పాఠం నడుస్తుండగా ఒక విద్యార్థి అడిగాడు: “హజ్రత్, సులైమాన్ (అలైహిస్సలాం) సైన్యం వస్తోందని తోటివారిని హెచ్చరించిన చీమ ఆడదా, మగదా?”

ప్రశ్న పాతదే. ఆయతులోని ‘ఖాలత్’ స్త్రీలింగ క్రియ కనుక ఆడదేనని కొందరు పూర్వ విద్వాంసులన్నారు. ‘నమ్లహ్’ పదమే వ్యాకరణరీత్యా స్త్రీలింగం కనుక క్రియను బట్టి తేల్చలేమని మరికొందరన్నారు. నాకు రెండో వాదమే బలంగా తోస్తుంది. అయితే పెందుర్తిలోని మా మదర్సా మామిడిచెట్టు మీద ఆకులు కలిపి గూళ్లు కట్టే ఎర్ర చీమల విషయంలో సందేహం లేదు. కట్టేవి, ఆహారం మోసేవి, చేయి తగిలితే కరిచేవి అన్నీ ఆడవే.

మగవి జతకట్టే కాలానికే పుట్టి, ఆ పని కాగానే మరణిస్తాయి. రాణి తన జీవితారంభంలో పొందిన బీజాన్ని దేహంలో భద్రపరచుకొని ఏళ్ల తరబడి గుడ్లు పెడుతుంది. ఫలదీకరణ చెందిన గుడ్లు ఆడవవుతాయి, చెందనివి మగవి. అంటే మగ చీమకు తండ్రి లేడు! ‘రాణి’ అన్నది మనం పెట్టిన పేరు. ఆమె ఎవరినీ ఆజ్ఞాపించదు. పెద్ద శ్రామికులు ఆకులను లాగి పట్టుకుంటే, మరికొన్ని లార్వాలను నోట కరచుకొని వాటి నుండి వెలువడే పట్టుదారంతో అంచులు అతికిస్తాయి. చిన్న శ్రామికులు గూటిలోనే ఉండి పిల్లలను సాకుతాయి. ఒకే సమూహం అనేక చెట్లపై పదుల గూళ్లలో విస్తరించినా రాణి ఉండేది ఒక్క గూటిలోనే. గుడ్లను మిగతా గూళ్లకు మోసుకుపోతారు. కనుక అత్యధిక గూళ్లలో పిల్లలను పెంచేది కననివారే.

చీమల బ్రతుకు మనకు షరీఅత్ కాదు, నిజమే. కానీ ఆ పాఠం చెబుతుంటే గత నెల చూసిన ఒక పెళ్లిల్లు గుర్తొచ్చింది. సంతానం లేదన్న కారణంతో ఒక సోదరిని పెళ్లికూతురికి పసుపు రాయనివ్వలేదు. తల్లి జబ్బుపడినప్పుడు ఆ పిల్లను మూడేళ్లు ఒడిలో పెట్టుకొని పెంచిన ఖాలా ఆమే. ఈ ఆచారం మనకెక్కడిది? హజ్రత్ ఆయిషా (రజియల్లాహు అన్‌హా)కు సంతానం లేదు. సమస్త విశ్వాసులకూ ఆమె తల్లి. ఆ ఇంటి పెద్దలతో ఈ మాట అన్నాను. ఎవరూ బదులివ్వలేదు. కాసేపటికి పెళ్లికూతురే లేచి వెళ్లి ఖాలా పక్కన కూర్చుంది.

మా విద్యార్థి మాత్రం, రాణి ఏ గూటిలో ఉందో కనిపెడతానని చెట్టెక్కి, మోచేతి దాకా కరిపించుకొని దిగాడు.