సింపుల్ అని రాసింది ఎవరు?

ఎన్‌సీఆర్‌బీ 2022 నివేదికలో షెడ్యూల్డ్ కులాల మీద జరిగిన నేరాల కింద నమోదైన కేసులు 57,582. వాటిలో అన్నిటికంటే పెద్ద పద్దు హత్యలది కాదు, అత్యాచారాలది కాదు. ‘సింపుల్ హర్ట్’ది, అంటే స్వల్ప గాయాలది. 18,428 కేసులు, మొత్తంలో దాదాపు మూడో వంతు. మన సెమినార్లలో ఈ అంకె ఎప్పుడూ చర్చకు రాదు. చుండూరు, ఖైర్లాంజీ, హత్రాస్ పేర్లు పలికే చోట స్వల్ప గాయం గురించి మాట్లాడటం చిన్న విషయంలా కనిపిస్తుంది కాబోలు. నాకు మాత్రం ఆ పద్దు చూసినప్పుడల్లా ఒకటే ప్రశ్న. ఇవి స్వల్పమని ఎవరు తేల్చారు? దేన్ని చూసి తేల్చారు?

సెక్షన్లు పెట్టేది పోలీసులే. కానీ ఆ సెక్షన్ కోర్టులో నిలబడాలన్నా, పై సెక్షన్‌గా మారాలన్నా ఆధారం ఒకే ఒక్క కాగితం. క్యాజువాల్టీలో డ్యూటీ డాక్టరు రాసే ఊండ్ సర్టిఫికెట్. గాయం ఎక్కడ, ఎంత పొడవు, ఏ ఆయుధం, ఎన్ని గంటల కిందటిది, చివరికి సింపులా గ్రీవియసా. అయిదారు లైన్లు. అట్రాసిటీ కేసులో దళితుడి శరీరం గురించి రాజ్యం చెప్పే మొదటి మాట అదే, చాలాసార్లు చివరి మాట కూడా అదే. ఎఫ్‌ఐఆర్ గురించి మనం వందల పేజీలు రాశాం, పోలీసుల్ని, కోర్టుల్ని చదివాం. ఈ కాగితాన్ని మాత్రం ‘వైద్యం’ అనుకుని వదిలేశాం. అక్కడ కులం ఉండదని నమ్మినట్టు.

ఆ నమ్మకం బాబాసాహెబ్‌కి లేదు. 1929లో చాలీస్‌గావ్‌లో ఆయనే క్షతగాత్రుడు. అంటరానివాణ్ణి ఎక్కించుకుని తోలడానికి టాంగావాళ్ళు ఒప్పుకోలేదు. మహర్‌వాడ జనం టాంగాని మాత్రం తెచ్చుకుని, అలవాటు లేని తమ మనిషి చేతికే పగ్గాలిచ్చారు. కల్వర్టు మీద బండి తలకిందులైంది. ఆయన రాళ్ళ మీద పడ్డారు, కాలు విరిగింది. పోలీసు రికార్డులో అది రోడ్డు ప్రమాదమే అవుతుంది. ఆయన మాత్రం దాన్ని కులం చేసిన గాయంగా రాశారు. ‘వెయిటింగ్ ఫర్ ఎ వీసా’లో ఈ సంగతితో పాటు కాఠియావాడ్ ఉపాధ్యాయుడి భార్య సంగతి కూడా ఉంది. బాలింతకు జబ్బు చేస్తే డాక్టరు వాడలోకి రానన్నాడు. ఆమెనే బయటికి తెచ్చాక థర్మామీటరు ఒక ముస్లిం చేతికిచ్చాడు. అది భర్త చేతికి, అక్కణ్ణుంచి ఆమె నోట్లోకి, తిరిగి అదే దారిలో వెనక్కి. న్యుమోనియా అని చెప్పి వెళ్ళిపోయాడు. ఆమె చనిపోయింది. డాక్టరు రోగ నిర్ధారణ చేశాడు. ముట్టుకోకుండా చేశాడు.

దెబ్బల వైద్యంలో ఇది ఇంకా ప్రమాదం. ఎందుకంటే అది మొత్తం చేతులతో, చెవులతో చేసే పని. తలకు దెబ్బ తగిలినవాడి జుట్టులోకి వేళ్ళు పోనిచ్చి తడమాలి, జుట్టు కింద చీలిక, లోపలికి కుంగిన ఎముక కంటికి కనపడవు. మెడ వెనక ఒక్కో పూసా నొక్కి చూడాలి. పొట్ట, కటి ఎముక తడమాలి. బట్టలు విప్పి, నలుగురు కలిసి మెడ కదలకుండా మనిషిని దుంగలా దొర్లించి వీపు చూడాలి. ట్రామా శిక్షణలో మొదటి పాఠాలు ఇవే. ఇప్పుడు థర్మామీటరు చేతులు మార్చే డాక్టరు ఉండకపోవచ్చు. చొక్కా విప్పించకుండా, బల్ల అవతల నుంచి ‘ఎక్కడ తగిలింది’ అని అడిగి రాసేసే డాక్టరు ఉన్నాడు.

చెవుల సంగతి ఇంకా లోతైనది. తల గాయం తీవ్రతను కొలవడానికి ప్రపంచమంతా వాడేది గ్లాస్గో కోమా స్కేల్. 1974లో టీస్‌డేల్, జెన్నెట్ తయారుచేశారు. కళ్ళు తెరవడానికి 4, మాటకి 5, కదలికకి 6, మొత్తం 15. పదమూడు, అంతకంటే ఎక్కువైతే స్వల్పం, ఎనిమిదీ అంతకంటే తక్కువైతే తీవ్రం. చూడ్డానికి అంకెలే, కులమతాలు లేని అంకెలు. కానీ మాటకిచ్చే ఆ అయిదు మార్కులు చూడండి. పొంతన లేకుండా మాట్లాడితే ఒక మార్కు పోతుంది, సంబంధం లేని మాటలంటే రెండు పోతాయి. సవర భాషో, గోండీయో మాట్లాడే మనిషి జవాబుకి పొంతన ఉందో లేదో తెలుగు డాక్టరుకి ఎలా తెలుస్తుంది? తెలుగే మాట్లాడినా, వాడ యాసలో భయంతో నసిగే మనిషిది గందరగోళమా, సహజమైన తడబాటా? దీనివల్ల రెండు వైపులా తప్పు జరుగుతుంది. లేని గందరగోళం కనపడుతుంది, ఉన్న గందరగోళం ‘వీళ్ళు ఇలాగే మాట్లాడతారులే’ అన్న మాట కింద దాక్కుంటుంది. రెండోదే ప్రాణం తీస్తుంది.

దానికంటే ప్రాణాంతకమైన మాట ‘తాగి ఉన్నాడు’. మద్యం వాసన వస్తున్నా సరే, తల గాయం లేదని తేలేదాకా మత్తుని మద్యం ఖాతాలో వేయకూడదని వైద్య విద్యార్థికి మొదటి నుంచీ నేర్పుతారు. తాగినవాళ్ళే ఎక్కువగా పడతారు, తాగే అలవాటున్నవాళ్ళకే మెదడు పైపొరల మధ్య నెత్తురు చేరే ప్రమాదం ఎక్కువ. అయినా కూలి మనిషి అపస్మారకంగా వస్తే ముందు వినిపించేది ఆ మాటే. కొట్టిన వాళ్ళే తెచ్చి పడేస్తే చరిత్ర కూడా వాళ్ళే చెబుతారు, తాగి గట్టు మీంచి పడ్డాడని. అది ఓపీ చీటీలోకి ఎక్కుతుంది. అక్కణ్ణుంచి కేస్ షీట్‌లోకి, ఊండ్ సర్టిఫికెట్‌లోకి, చివరికి డిఫెన్స్ లాయరు నోట్లోకి. వైద్యపరంగా ఒక అనుమానం, చట్టపరంగా ఒక సాక్ష్యం అయిపోతుంది.

ఇంకో సంగతి. పుర్రెకీ మెదడు పైపొరకీ మధ్య రక్తనాళం తెగితే కొందరు కాసేపు స్పృహ తప్పి, మళ్ళీ లేచి మామూలుగా మాట్లాడతారు. కొన్ని గంటల తర్వాత కుప్పకూలతారు. ఆ మధ్య సమయమే మోసం చేసేది. పుర్రె ఎక్స్‌రేలో ఎముక బాగుందంటే లోపల నెత్తురు కారడం లేదని కాదు, దానికి సీటీ కావాలి. ఒక్కసారి కొలిచిన స్కోరు చాలదు, గంటగంటకీ కొలవాలి, పడిపోతోందా అన్నది చూడాలి. మండల ఆసుపత్రిలో సీటీ ఉండదు. ఏరియా ఆసుపత్రి నుంచి జిల్లాకి, జిల్లా నుంచి నగరానికి రిఫర్ చేసుకుంటూ పోతారు. ఆ మధ్యలో మనిషిని ఎవరూ గమనించరు.

మోటారు వాహనాల చట్టం 2019 సవరణలో ‘గోల్డెన్ అవర్’కి నిర్వచనమే ఉంది, దెబ్బ తగిలిన మొదటి గంట. 2025 మేలో వచ్చిన పథకం ప్రకారం రోడ్డు ప్రమాద బాధితులకు ఏడు రోజుల వరకు లక్షన్నర రూపాయల నగదురహిత వైద్యం. మంచిదే, రావాల్సిందే. మరి అదే తల, అదే పగులు, లారీ వల్ల కాక గొడ్డలి కామా వల్ల అయితే? అట్రాసిటీ నిబంధనల్లో మందుల ఖర్చు ఇవ్వాలని ఉంది గానీ అది కలెక్టరాఫీసు చుట్టూ తిరిగాక. ఆ మొదటి గంట మాత్రం చాలామందికి స్టేషన్ బెంచీ మీద గడుస్తుంది. 1989లోనే పరమానంద్ కటారా కేసులో సుప్రీంకోర్టు ముందు వైద్యం, తర్వాతే పోలీసు లాంఛనాలు అని తేల్చి చెప్పింది. అయినా ‘ముందు స్టేషన్‌కి వెళ్ళి కాగితం తెండి’ అన్న మాట ఇంకా వినపడుతూనే ఉంది.

హత్రాస్‌ని మనం అత్యాచారం, అర్ధరాత్రి దహనం అన్న రెండు మాటలతో గుర్తుపెట్టుకున్నాం. గాయం వైపు నుంచి కూడా ఒకసారి చూడాలి. 2020 సెప్టెంబర్ 14న దాడి జరిగిన ఆ పంతొమ్మిదేళ్ళ అమ్మాయిని పోలీస్ స్టేషన్ దగ్గర అరుగు మీద పడుకోబెట్టి ఉన్న వీడియో దేశమంతా చూసింది. ఆమెకు దెబ్బతిన్నది మెడ వెన్నుపూస. మెడ కదపకూడని గాయం, ముందు ఆసుపత్రికి చేరాల్సిన గాయం. జిల్లా ఆసుపత్రి, అక్కణ్ణుంచి అలీగఢ్, సెప్టెంబర్ 28న ఢిల్లీ సఫ్దర్‌జంగ్, 29న మరణం. పోస్ట్‌మార్టం మరణకారణాన్ని మెడ వెన్నుపూస దెబ్బతోనే ముడిపెట్టింది. లైంగిక దాడి నిర్ధారణకు నమూనాలు తీసింది ఘటన జరిగిన పదకొండు రోజులకి. అంత ఆలస్యంగా తీసిన నమూనాల్లో ఏమీ దొరకలేదన్న ఫోరెన్సిక్ నివేదికని పోలీసు ఉన్నతాధికారి అత్యాచారం జరగలేదనడానికి రుజువుగా చూపించాడు. 2023 మార్చి 2న ప్రత్యేక కోర్టు ఒకణ్ణి హత్య కాని నరహత్య కింద, అట్రాసిటీ చట్టం కింద దోషిగా తేల్చి, ముగ్గుర్ని వదిలేసింది.

శరీరం మిగతా భాగాల్లోనూ ఇదే కథ. పొట్టలో తన్నితే చర్మం మీద గీత కూడా లేకుండా లోపల ప్లీహం చిట్లవచ్చు, అది రోజుల తర్వాత కూడా చిట్లవచ్చు. లాఠీ దెబ్బకి పక్కపక్కనే రెండు గీతలు పడతాయి, రైలు పట్టాల్లా. నల్లటి చర్మం మీద అవి సరిగా కనపడవు, మంచి వెలుతురులో వెతకాలి. తొడల మీద, పిరుదుల మీద యాభై దెబ్బలు కొడితే ఒక్కొక్కటీ విడిగా ‘సింపులే’. కానీ నలిగిన కండరం కరిగి రక్తంలో కలిసి మూత్రపిండాల్ని దెబ్బతీస్తుంది. మూత్రం కాఫీ డికాషన్ రంగులో వస్తుంది, తర్వాత రావడం మానేస్తుంది. యాభై సింపుల్‌లు కలిపితే ఒక చావు. సర్టిఫికెట్‌లో కూడిక ఉండదు, ఒక్కో వరుసా విడిగా ఉంటుంది.

చట్టానికి వద్దాం. భారతీయ న్యాయ సంహిత 116వ సెక్షన్ ఎనిమిది రకాల గాయాల్ని తీవ్రమైనవిగా చెబుతుంది. ఎముకో పన్నో విరిగితే తీవ్రం. మెదడు అదిరిపోవడం ఆ జాబితాలో పేరుతో లేదు. అది చివరి రకంలోకి రావాలంటే ప్రాణాపాయమైనా ఉండాలి, లేదా పదిహేను రోజులు తీవ్రమైన నొప్పితోనో, రోజువారీ పని చేసుకోలేకనో గడిచి ఉండాలి. ఐపీసీలో ఇది ఇరవై రోజులు. స్వల్ప గాయానికి ఏడాది జైలు, తీవ్ర గాయానికి ఏడేళ్ళు. శాశ్వత వైకల్యం తెస్తే పదేళ్ళకు తక్కువ కాకుండా. శిక్ష పదేళ్ళో అంతకంటే ఎక్కువో ఉండే నేరమైతేనే అట్రాసిటీ చట్టం 3(2)(v) కింద యావజ్జీవం దాకా వెళ్తుంది, లేకపోతే కింది క్లాజుతో సరి. అంటే కుల హింస బరువుని తూచే తక్కెడ కూడా ఆ ఊండ్ సర్టిఫికెట్ దగ్గరే ఉంది.

ఇప్పుడు ఆ పదిహేను రోజుల్ని ఒక రోజు కూలీ వైపు నుంచి లెక్కపెట్టండి. తల దిమ్ముగా ఉంది, వెలుతురు చూస్తే నొప్పి, మాట మధ్యలో మర్చిపోతున్నాడు, ఊరికే కోపం వస్తోంది. సీటీ నార్మల్. మెదడు అదిరినప్పుడు సీటీ చాలాసార్లు నార్మల్‌గానే ఉంటుంది. ఇంట్లో బియ్యం లేవు. ఆరో రోజు పనికి వెళ్ళాడు. క్రాస్ ఎగ్జామినేషన్‌లో అడిగేది అదే, ‘ఆరో రోజున పనికి వెళ్ళావా లేదా?’ జీతం ఆగకుండా సిక్ లీవు పెట్టుకోగలిగినవాడి గాయం తీవ్రమవుతుంది, ఆకలితో లేచినవాడి గాయం స్వల్పమవుతుంది. అటువైపు కౌంటర్ కేసు తప్పకుండా ఉంటుంది. అందులో దాడి చేసినవాడి చిటికెన వేలు ఎముక చిట్లినట్టు ఎక్స్‌రే ఉంటుంది. ఎముక విరిగింది కాబట్టి గ్రీవియస్. తల పగిలిన దళితుడు సింపుల్, వేలు చిట్లిన భూస్వామి గ్రీవియస్. ఇందులో ఎవరూ అబద్ధం రాయనక్కర్లేదు, ఫారాన్ని ఫారంగా నింపితే చాలు.

డాక్టర్లందర్నీ కులవాదులని నేను అనడం లేదు. రాత్రి క్యాజువాల్టీలో ఒక్కడే ఉంటాడు, పక్కన పాము కాటు, ప్రసవం, ఎదురుగా రిక్విజిషన్ పట్టుకుని కానిస్టేబుల్. కోర్టుకి ఎందుకొచ్చిన గొడవని తక్కువ రాసేవాళ్ళే ఎక్కువ. ఊరి పెద్ద ఫోన్ వచ్చినప్పుడు రిజర్వేషన్‌లో వచ్చిన మన డాక్టరు మీద పడే ఒత్తిడి ఇంకా ఎక్కువ. (మెరిట్ గురించి ఉపన్యాసాలిచ్చే వాళ్ళు ఆ రాత్రి డ్యూటీకి ఎందుకు రారో వేరే వ్యాసం.) కానీ ఒత్తిడి అందరి మీదా సమానంగా పనిచేయదు. టైము లేనప్పుడు ఎవరి ఒళ్ళు తడమకుండా వదిలేస్తారు, ఎవరి మాట వినకుండా రాస్తారు అన్నదే ప్రశ్న.

మనం అడగాల్సింది పెద్ద విషయమేమీ కాదు. గాయపడినవాడు చెప్పిన మాటలు అతని మాటల్లోనే రాయాలి, తెచ్చినవాడు చెప్పింది వేరుగా, తెచ్చినవాడి పేరుతో రాయాలి. గ్లాస్గో స్కోరు మొత్తం మాత్రమే కాకుండా మూడు భాగాలు విడివిడిగా, సమయంతో సహా ఉండాలి. శరీర చిత్రం మీద గాయాలు గుర్తించాలి, ఫొటోలు తీయాలి. తలకి దెబ్బ ఉంటే సీటీ, పదిహేను రోజుల పరిశీలన అయ్యేదాకా సింపుల్ అని రాయకుండా అభిప్రాయాన్ని వాయిదా వేయాలి. అట్రాసిటీ కేసుల్లో పరిహారం మొత్తం కూడా శాశ్వత వైకల్యం శాతం మీద ఆధారపడుతుంది. ఆ శాతం ఇచ్చే 2016 వికలాంగుల హక్కుల చట్టం జాబితాలో ఇరవై ఒక్క వైకల్యాలున్నాయి, మెదడు గాయం పేరుతో ఒక్కటీ లేదు. దాన్ని చేర్చమని అడగాలి.

ఈలోపు, బాధితులతో పాటు ఆసుపత్రికి వెళ్ళేది ఎక్కువగా మన విద్యార్థి సంఘాలవాళ్ళే. ఎఫ్‌ఐఆర్ కాపీ కోసం రాత్రంతా స్టేషన్ ముందు కూర్చోగలిగిన మనం కేస్ షీట్ సంగతి అడగం. వైద్య రికార్డులు అడిగితే 72 గంటల్లో ఇవ్వాలని 2002 వైద్య నైతిక నియమావళిలోనే ఉంది. రాతపూర్వకంగా అడగండి, రసీదు తీసుకోండి. ‘తాగి పడ్డాడు’ అని ఉంటే ఆ మాట ఎవరు చెప్పారో పక్కన రాయమనండి. డిశ్చార్జి అయ్యాక తలనొప్పి, వాంతి, మగత, మతిమరుపు ఏది ఉన్నా పదిహేనో రోజు దాటకుండా అదే ఆసుపత్రికి మళ్ళీ తీసుకెళ్ళి, ఆ లక్షణాలతో, ఆ తేదీతో ఓపీ చీటీ రాయించండి.