పరుగు ఆరంభం: బడిలో తప్పుతున్న తొలి పాఠం

2023 అక్టోబరు 1న హాంగ్‌జౌ ఆసియా క్రీడల 100 మీటర్ల హర్డిల్స్‌లో చైనాకు చెందిన వూ యాన్నీ తుపాకీ మోగకముందే కదిలారు. విశాఖపట్నం అమ్మాయి జ్యోతి యర్రాజీపైనా తొలుత వేటు పడబోయింది. ఆమె అభ్యంతరం తెలపడంతో ఇద్దరినీ పరుగెత్తనిచ్చి, ఆపై వూను అనర్హురాలిగా ప్రకటించారు. జ్యోతికి రజతం దక్కింది.

2010 నుంచి ఒక్క ఫాల్స్ స్టార్ట్‌కే అనర్హత. శబ్దం వెలువడిన 0.1 సెకను లోపు కదిలినా తప్పే. ఉన్నత పాఠశాల మైదానాల్లో తరచూ సాగేది ఇందుకు విరుద్ధమైన సాధన. 'సెట్' అన్నాక ప్రతిసారీ ఒకే వ్యవధికి ఈల వేస్తే, పిల్లలు శబ్దాన్ని వినడం మాని, దాన్ని ముందే ఊహించడం నేర్చుకుంటారు. వ్యవధిని మారుస్తూ, ఒక్కోసారి ఈల వేయకుండానే లేపేస్తే నిశ్చలత అలవడుతుంది. ఇందుకు పైసా ఖర్చు లేదు.

రెండు పాదాలతో బలంగా నెట్టుకుని లేవడానికి మాత్రం స్టార్టింగ్ బ్లాకులు కావలసిందే. పల్లె బడుల పిల్లల్లో కొందరు వాటిపై తొలిసారి పాదం మోపేది పోటీల రోజునే.