తొంభై శాతం పూర్తయిన నాలాతో వరద ఆగదు

2025 సెప్టెంబర్ 14 రాత్రి కురిసిన వానకి నాంపల్లి నియోజకవర్గంలోని అఫ్జల్ సాగర్ నాలాలో ఇద్దరు కొట్టుకుపోయారు. ఇద్దరూ నాలా పక్కనే ఉన్న మాంగార్ బస్తీ వాళ్లు, దగ్గరి బంధువులు. ఆ నెలాఖరులోనే మూసీ పొంగి ఎంజీబీఎస్ బస్టాండ్‌లోకి నీళ్లొచ్చాయి. ప్రతి వానాకాలం మన మొహల్లాల్లో వినిపించే ప్రశ్న మళ్లీ వచ్చింది: ఈ నాలాల పని ఎప్పటికి అవుతుంది?

పాత లెక్క ఒకసారి చూద్దాం. 1908 సెప్టెంబర్ 28న మూసీ వరద వేలమందిని బలి తీసుకుంది. నిజాం ప్రభుత్వం మోక్షగుండం విశ్వేశ్వరయ్యని పిలిపించింది. 1920లో ఉస్మాన్ సాగర్, 1927లో హిమాయత్ సాగర్ పూర్తయ్యాయి. అంటే పంతొమ్మిదేళ్లలో పని అయిపోయింది. కానీ ఆ రెండు చెరువులూ ఊరికి పైన ఉన్నాయి. మల్లేపల్లిలో, నాంపల్లిలో, ఆబిడ్స్‌లో పడే వాన వాటిలోకి పోదు. ఆ నీటికి నాలాలే దారి.

2000 ఆగస్టులో నగరం మునిగాక నాలాల మీద అధ్యయనం జరిగింది, 2003లో కిర్లోస్కర్ నివేదిక వచ్చింది. నాలాలు వెడల్పు చేయాలని అప్పుడే తేల్చారు. తర్వాత 2020 అక్టోబర్ వరదలొచ్చాయి. ఇంటికి పదివేల రూపాయల సాయం ఇచ్చారు, అదీ జీహెచ్‌ఎంసీ ఎన్నికల కోడ్‌తో మధ్యలో ఆగింది. 2021లో నాలాల అభివృద్ధి పథకం ఎస్‌ఎన్‌డీపీ మొదలైంది. మొదటి దశకే దాదాపు 985 కోట్లు. నివేదిక నుంచి పథకం దాకా రావడానికే పద్దెనిమిదేళ్లు పట్టింది.

నేను కామర్స్ చదివినవాణ్ణి. లెక్కల పుస్తకంలో పది కోట్ల పనికి తొమ్మిది కోట్లు ఖర్చయితే తొంభై శాతం అయినట్టే. నీళ్లకి ఈ లెక్క తెలియదు. కిలోమీటరు నాలాలో తొమ్మిది వందల మీటర్లు వెడల్పు చేసి చివరి వంద మీటర్లు ఇరుకుగా వదిలేస్తే, పైనుంచి నీళ్లు ఇంకా వేగంగా వచ్చి ఆ ఇరుకు దగ్గరి ఇళ్లలోకి ఎగబడతాయి. అందుకే పని కింది నుంచి, అంటే మూసీలో కలిసేచోటు నుంచి పైకి రావాలి.

పని ఆగేది ఎక్కువగా ఇళ్ల దగ్గరే. నాలా ఒడ్డున ఉండేవాళ్లు సరదాకి ఉండట్లేదు. కూలి పని, పిల్లల బడి అన్నీ అక్కడే. ఊరి చివర ఇల్లిచ్చి పొమ్మంటే రోజు కూలి బస్సు చార్జీలకే పోతుంది. దగ్గర్లో ఇల్లు చూపించాకే పాత ఇంటి మీద చెయ్యి వేయాలి. ఆ ఖర్చు నాలా అంచనాలోనే రాయాలి, లేకపోతే పని కోర్టు కేసుల్లో నలుగుతుంది. అలాగని పనే వద్దనడం కూడా న్యాయం కాదు. వరదకి మొదట పోయేది ఆ ఒడ్డు మీద ప్రాణాలే.

కాబట్టి నాయకులు మొహల్లాకి వచ్చినప్పుడు ఎన్ని కోట్లు మంజూరయ్యాయి అని అడిగి ఊరుకోవద్దు. మన నాలా అన్నిటికన్నా ఇరుకుగా ఉన్నచోటు ఏది, అక్కడ పని ఎప్పుడు, తీసిన పూడిక ఒడ్డునే వదిలేస్తున్నారా, ఎత్తుకెళ్తున్నారా? ఇవి అడగాలి. జవాబు వానలకి ముందే రావాలి.