తాటాకుకు అలమర, ఫ్లాపీకి చెత్తబుట్టా?



"మాస్టారూ, ఈ కాలంలో విండోస్ 3.1 ఏమిటండీ, చాదస్తం కాకపోతే!" అని మొన్నొక మిత్రుడు నవ్వారు. అప్పుడు ఊరుకున్నాను. ఇప్పుడు బదులు చెబుతున్నాను.

కోనసీమలో నాతో పనిచేసి కాలం చేసిన ఒక పండితుడు ఇరవై ఏళ్ళు లంక గ్రామాలు తిరిగి పడవవాళ్ళ మాటలు, దింపువాళ్ళ మాటలు పోగుచేశారు. 1997లో వాటిని రాజమండ్రిలో ఒక డీటీపీ దుకాణంలో పేజ్‌మేకరులో కూర్పించారు. అచ్చుకు డబ్బు చాలలేదు. చేతిరాత ప్రతి 2006 వరదలో పోయింది. మిగిలినవి నాలుగు ఫ్లాపీలు. వారి అమ్మాయి వాటిని తెచ్చి నా చేతిలో పెట్టింది.

కొత్త కంప్యూటరు వాటిని తెరవలేదు. ఎలాగో పాఠాన్ని బయటికి లాగితే ఆంగ్లాక్షరాల గందరగోళం! ఆనాటి ఖతులు తలకట్టును, గుడిని, ఒత్తును విడగొట్టి ఆంగ్లాక్షరాల స్థానాల్లో కూర్చోబెట్టేవి. ఒక ఖతి పద్ధతి మరొకదానికి చెల్లదు. ఆ ఖతిని స్థాపించే ప్రోగ్రాము 16 బిట్లది. 64 బిట్ల విండోస్ దానిని నడపదు.

చివరికి డాస్‌బాక్సులో విండోస్ 3.1 ఎక్కించి, దుకాణదారు అటక మీద దొరికిన పాత డిస్కులతో ప్రయత్నించాను. మూడు ఫ్లాపీలు తెరుచుకున్నాయి. 'య' నుంచి 'హ' వరకు ఉన్న నాలుగవది బూజుపట్టి పోయింది. 'లంక' అన్న మాటకు ఆయన ఏమి రాశారో ఇక ఎవరికీ తెలియదు.

"యూనికోడు వచ్చింది కదా, మార్పిడి ఉపకరణాలు ఉన్నాయి కదా" అంటారు. నిజమే. 1991లోనే యూనికోడు తెలుగుకు 128 స్థానాలు కేటాయించింది. కానీ మార్చేవాడికి పాత ఖతి పట్టిక కావాలి. మార్చినది సరిగా ఉందో లేదో పోల్చుకోవడానికి మూలం తెరమీద కనబడాలి. మూలప్రతి లేని పరిష్కరణ ఏ పండితుడికి సమ్మతం?

మన కాపీరైటు చట్టం కంప్యూటరు ప్రోగ్రామును సాహిత్య కృతిగానే లెక్కిస్తుంది. మరి ఆ కృతికి గ్రంథాలయంలో చోటేదీ? ఇంటర్నెట్ ఆర్కైవు 2016లో వెయ్యికి పైగా విండోస్ 3.1 నాటి ప్రోగ్రాములను బ్రౌజరులోనే నడిచేలా ఉంచింది. ఎవరో ఆడి వదిలేసిన ఆటలకు దక్కిన గౌరవం తెలుగును తొలిసారి తెరకెక్కించిన ప్రోగ్రాములకు దక్కనక్కరలేదా? రాజమండ్రి గౌతమీ గ్రంథాలయంలో తాటాకులు దాచుకున్నవాళ్ళం, పాతికేళ్ళ నాటి డిస్కును దాచలేమా?

చాదస్తం నాది కాదు. చదివే సాధనాన్ని పారేసి, రాతను భద్రపరిచామనుకోవడమే అసలు చాదస్తం. మీ అటకల మీద వెదకండి. దొరికిన ఫ్లాపీని ఈ వారమే నకలు తీయండి. దానిని తెరిచే ప్రోగ్రామునూ, ఖతినీ పక్కనే దాచండి. ఏమి దొరికిందో ఇక్కడ వ్యాఖ్యలో తెలుపగలరు.