కుయ్ కుయ్ వినబడేలోగా

మా మేనమామ పోయి చాలా ఏళ్ళయింది. ఆయన పోయిన తీరు గురించి ఇన్నాళ్ళూ ఎక్కడా రాయలేదు. రాయకుండా ఉండడం కూడా ఒక తప్పేనని ఈమధ్య అనిపించి, ఈ టపా మొదలుపెట్టాను.

పల్లెలో పెళ్ళి. భోజనాల పంక్తిలో వడ్డన చూసుకుంటూ తిరుగుతున్న మనిషి ఉన్నట్టుండి కుప్పకూలిపోయాడు. చుట్టూ నూరుమందికి పైగా ఉన్నాం. అందులో సగంమంది డిగ్రీలు చదివినవాళ్ళమే. ఒకరు ముఖాన నీళ్ళు చల్లారు. మరొకరు నోట్లో సోడా పొయ్యబోయారు. మూర్ఛ అనుకొని అరచేతిలో తాళంచెవుల గుత్తి పెట్టినవాణ్ణి నేనే. మండల కేంద్రం నుంచి 108 బండి పన్నెండు నిమిషాలలో వచ్చింది. ఆ దారికి అది చాలా తక్కువ సమయం. బండి దిగిన టెక్నీషియన్ కుర్రవాడు మామయ్య పక్కన మోకరిల్లుతూ అడిగాడు: "పడిపోయి ఎంతసేపయిందండీ? ఎవరైనా ఛాతీ నొక్కారా?"

ఎవరమూ జవాబు చెప్పలేదు. అతడు మారుమాట అనకుండా తన పని మొదలుపెట్టాడు. అప్పటికే ఆలస్యమైపోయింది.

ఆ ఆలస్యం బండిది కాదు. నేను చెప్పదలచుకున్నదల్లా ఇదే.

108 మన నేల మీద పుట్టిన సేవ. 2005 ఆగస్టు 15న హైదరాబాదులో మొదలైంది. నడిపినది ఈఎంఆర్ఐ అనే లాభాపేక్ష లేని సంస్థ. ప్రభుత్వంతో ఒప్పందం కుదుర్చుకొని రాష్ట్రమంతటికీ, ఆపైన గుజరాత్ మొదలుకొని ఇతర రాష్ట్రాలకూ విస్తరించింది. సంస్థకు ప్రాణం పోసిన రామలింగరాజు 2009 జనవరిలో సత్యం లెక్కల బాగోతం ఒప్పుకున్నప్పుడు, ఈ బండ్లు కూడా ఆగిపోతాయేమోనని భయపడినవాళ్ళలో నేనొకణ్ణి. ఆగలేదు. అదే ఏడు జీవీకే వారు బాధ్యత తీసుకున్నారు. తరువాత నిర్వాహకులు మారారు, ప్రభుత్వాలు మారాయి, 2014లో రాష్ట్రమే రెండయింది. నంబరు మాత్రం మారలేదు. రాజశేఖరరెడ్డిగారి పుణ్యమా అని "కుయ్ కుయ్" అంటే ఏమిటో తెలుగునాట పసిపిల్లలకు కూడా తెలుసు.

అంతకుముందు ఏముండేదో గుర్తుంచుకోవలసిన అవసరం ఉంది. నొప్పులు పడుతున్న ఆడమనిషిని ఎడ్లబండి మీదనో, బతిమాలి దొరికించుకున్న జీపులోనో ఎక్కించేవారు. ఉచితంగా, కులమూ ఊరూ అడగకుండా, లోపల ప్రాణవాయువూ శిక్షణ పొందిన మనిషీ ఉన్న వాహనం గుమ్మం ముందుకు రావడం చిన్న మార్పు కాదు. డ్రైవరును "పైలట్" అని పిలవడం మొదట్లో నాకు నవ్వు తెప్పించిన మాట నిజం. ఇప్పుడు నవ్వను.

అయితే ఈ సేవను మనం ఎలా కొలుస్తున్నాం? బండ్లెన్ని, ఎన్ని నిమిషాల్లో వచ్చాయి అని. ఏ పార్టీవారైనా కొత్త బండ్లకు జెండా ఊపుతారు, పత్రికలు ఫొటో వేస్తాయి. నిజానికి సంస్థ మొదటినుంచీ మరొక పని కూడా పెట్టుకుంది. పోలీసులకు, విద్యార్థులకు, మామూలు జనానికి ప్రథమ చికిత్స నేర్పడం. 108కి ఎప్పుడు చేయాలో, ఆకతాయి పిలుపులు ఎందుకు చేయకూడదో చెప్పడం. ఆ పనికి జెండా ఊపేవాళ్ళు లేరు. నేర్చుకున్నవాడు కంటికి కనబడడు కదా!

గుండె ఆగిన మనిషి మెదడు నాలుగైదు నిమిషాలలోనే దెబ్బతినడం మొదలవుతుంది. ఏమీ చేయకపోతే గడిచే ఒక్కొక్క నిమిషానికీ బతికే అవకాశం నూటికి ఏడు నుంచి పది వంతుల దాకా తరిగిపోతుంది. ఈ లెక్క ముందు ఎంత వేగమైన బండి అయినా ఓడిపోతుంది. ఊరికొక బండి పెట్టలేం. ఊరికి పదిమందికి నేర్పగలం.

నేర్పవలసినది కొండంతేమీ కాదు. మనిషి పలకకపోతే, ఊపిరి సరిగా లేకపోతే, ఒకరు 108కి ఫోను చేసి, పెట్టేయకుండా అవతలివారు అడిగినదానికి జవాబిస్తూ ఉండాలి. మరొకరు ఛాతీ నడుమ రెండు చేతులూ ఒకదానిపై ఒకటి ఉంచి, నిమిషానికి నూరు నుంచి నూటయిరవై సార్లు, అయిదారు సెంటీమీటర్లు దిగేలా నొక్కాలి. మూర్ఛ వస్తే చేతిలో ఇనుము కాదు, మనిషిని పక్కకు తిప్పి పడుకోబెట్టాలి. నోట్లో ఏమీ పెట్టకూడదు. పాము కరిస్తే కోయకూడదు, పీల్చకూడదు, తాడుతో బిగించకూడదు. కదలనివ్వకుండా ఆసుపత్రికి చేర్చాలి.

"మనం నొక్కితే పక్కటెముక విరిగితేనో?" అంటారు. విరగవచ్చు. విరిగిన ఎముక అతుక్కుంటుంది. ఆగిన గుండె తనంతట తాను తిరిగి కొట్టుకోదు.

"ఎందుకొచ్చిన పోలీసు గొడవ?" అనేది రెండో మాట. రోడ్డు ప్రమాదాల్లో మన చేతులు కట్టేసింది ఈ భయమే. 2016 మార్చిలో సుప్రీంకోర్టు ఇటువంటి సహాయకులకు రక్షణ కల్పించింది. 2019లో మోటారు వాహనాల చట్టాన్ని సవరించి 134ఎ సెక్షను చేర్చారు. సదుద్దేశంతో ఆదుకున్నవాడిపై కేసు ఉండదు. పేరు చెప్పమని బలవంతపెట్టే వీలు కూడా లేదు. చట్టం వచ్చింది గానీ అది ఉన్నదన్న సంగతి మన వీధికి రాలేదు. చేరవేయవలసినవాళ్ళలో మనమూ ఉన్నాం.

అంచేత నా అభిప్రాయం సూటిగా చెబుతున్నాను. 108కి ఇచ్చే ప్రభుత్వ సొమ్ములో ప్రజలకు నేర్పడానికని ఒక భాగం విడిగా ఉండాలి. బండ్ల లెక్కతోపాటు, "ఈ ఏడు ఎంతమందికి నేర్పారు?" అనీ అడగాలి. ఎనిమిది నుంచి పదో తరగతి దాకా ఏడాదికొక్క రోజు, బొమ్మ మీద పిల్లల చేతులు పెట్టించి చేయించాలి. పాఠంగా చదివించి పరీక్ష పెడితే అది కూడా బట్టీ చదువే అవుతుంది.

నేను ఆలస్యంగా నేర్చుకున్నాను. మొదటిసారి బొమ్మ మీద రెండు నిమిషాలు నొక్కేసరికి చెమటలు పట్టాయి. ఇదేనా, ఇంతేనా అనిపించింది. ఆ "ఇంతే" నాకు ఆనాడు తెలిసివుంటే మామయ్య బతికేవాడని అనను. అది ఎవరూ చెప్పలేరు. కానీ ఆ కుర్రవాడి ప్రశ్నకు "నొక్కుతూనే ఉన్నామండీ" అని చెప్పగలిగేవాణ్ణి.

మీ ఇంట్లో ఎంతమందికి వచ్చో ఈ పూటే అడిగి చూడండి. జవాబు సున్నా అయితే, ముందు మీరే నేర్చుకోండి.